ఉప్పు పాకం

వార్పు 611. వానకి ఇంకా ఇరవై అయిదు రోజులు.

ఈ పుస్తకాన్ని ముందు వైపు నుంచి తిరగేస్తే నేను మహా గొప్పదాన్ని. ఈ కొలిమిలో ఇరవై ఆరేళ్ళు, నాలుగు వందల అరవై పైచిలుకు వార్పులు, ప్రతి దాని కిందా ఒకటే మాట: "పాకం వచ్చింది. నూకరత్నం." ఒక్క కొట్టివేత లేదు. ఈ రోజు నుంచి వెనక వైపు నుంచి కూడా రాస్తున్నాను. ముందు పేజీల్లో గడులుంటాయి. బూడిద ఎన్ని తట్టలు, వేడి ఎంత, ఎన్ని పలకలు పోశాం. మనసులో నలుగుతున్నదానికి గడి లేదు.

సంగతేమిటంటే, వేడిమీటరు పొద్దున్నే చచ్చింది. ముల్లు వెయ్యి దగ్గర ఆగిపోయి, ఎంత తట్టినా కదల్లేదు. దిబ్బల్లోని విషపు బూడిద కరిగి, విషాన్ని లోపలే బంధించే నిజమైన గాజు కావాలంటే పద్నాలుగు వందలు దాటాలి. కొత్త మీటరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కరెంటు వంతు మాత్రం ఆగదు. కొలిమికి ఇరవై రోజులకోసారి నాలుగు రోజులు ఇస్తారు. మిగతా రోజులు ఊరికి.

మీటరు లేకపోతే నాకేం? నాకు కళ్ళున్నాయి. మధ్యాహ్నం ఇనపచువ్వ కొలిమిలో ముంచి పైకి లాగాను. తీగ సాగింది. బెల్లం పాకం సాగినట్టు, తెగకుండా, బారెడు పొడుగున. ఆ తీగను కడ్డీకి చుట్టి గాజు చేశాను. చల్లారాక ముంజేతికి వేసుకున్నాను. నీళ్ళ తొట్టికి పోసే వార్పు గాజు, దాన్ని ఒప్పుకున్నవాళ్ళ చేతినే ఉండాలని మా ఆచారం. నల్లగాజులు ఆరుండేవి, ఇది ఏడోది.

కొలిమిలోకి బూడిద ఎత్తిపోసే అప్పలకొండ, నన్ను అక్క వరసన అప్పా అనేవాడు, చెమట తుడుచుకుంటూ పక్కకొచ్చాడు.

"అప్పా, ఇది సముద్రం పక్క దిబ్బది. ఉప్పు సుర్రుమంటంది. ఉప్పు బేగి కరిగిపోద్ది. తీగ సాగిందని నమ్మీకు. ఇంకో పూట మరగనీ."

నాకు ఒళ్ళు మండింది. "ఒరే కొండా, నీకు లాగు కట్టుకోడం రానప్పట్నుంచీ తీగ లాగతన్నాన్రా. నాకు నేర్పుతావేటి?"

వాడు తట్ట తీసుకుని వెనక్కి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి, ఆవరణంతా వినపడేలా కేకేశాను. "పాకం వచ్చిందీ!"

ఆ కేక పడ్డాక ఇక ఎవరూ ఏమీ అడగరు. కరిగినదంతా అచ్చుల్లోకి వంచారు. రెండు వందల నలభై పలకలు. పాత పలకలు పగిలి మూతపడ్డ తూర్పువీధి వాననీళ్ళ తొట్టికి, లోపలి గోడల నిండా.

వార్పు 611. వానకి ఇరవై ఒక్క రోజులు.

ఇది రాయకపోతేనే మేలు. అయినా రాస్తాను.

వార్చిన ప్రతిసారీ ఒక పలక ముక్కను చింతపండు పులుసులో ఒక రోజు నానబెడతాం. గాజులో విషం సరిగ్గా ఇమడకపోతే పులుపు దాన్ని బయటికి లాగేస్తుంది. తర్వాత ఆ పులుసులో మంచినీళ్ళు కలిపి ఇరవై పెసలు వేస్తాం. మొలిస్తే వార్పు మంచిది. పక్కనే ఉత్త పులుసు కలిపిన నీళ్ళలో ఇంకో ఇరవై వేసి పెడతాం, పోల్చుకోవడానికి.

పక్క గిన్నెలో ఇరవైకి ఇరవై మొలిచాయి. 611 గిన్నెలో మూడు. ఆ మూడింటికీ మొనలు నల్లబడ్డాయి.

ఇలా ఎప్పుడూ జరగలేదు. విత్తనాలు పుచ్చుండాలి అనుకున్నాను. పుచ్చితే పక్క గిన్నెలోవి ఎలా మొలిచాయే, ముదనష్టపుదానా, అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే చెంచా తీశాను. పక్క గిన్నెలో మొలిచినవాటిని ఈ గిన్నెలోకి, ఇందులో మొలవనివాటిని పొయ్యిలోకి. అంతే. చెంచాడు పని.

కారణాలు కావాలంటే చెబుతాను. మళ్ళీ కరిగిస్తే కరెంటు వంతు, పలకలు అంటించడం, ఆరడం అన్నీ అయ్యేసరికి వాన వచ్చి వెళ్ళిపోతుంది. తూర్పువీధి వాళ్ళు రెండో వాన దాకా, ఇంకో ఆర్నెల్లు, పడమటివీధి తొట్టి నుంచి మనిషికి రెండు బిందెల చొప్పున మోసుకోవాలి. మా ఎర్నమ్మ కూడా మోస్తోంది. ఎర్నమ్మ మా అప్ప కూతురు. మూడో నెల. అప్ప పోయాక నేనే తల దువ్వి పెంచాను దాన్ని.

ఇవన్నీ నిజాలే. కానీ వీటన్నిటి కిందా అసలు నిజం వేరే ఉంది. రేపు అప్పలకొండ గిన్నె చూసి, "సెప్పేనా అప్పా" అంటాడు. అది నేను పడలేను.

ముందు పేజీలో రాశాను: పెసలు ఇరవై, మొలిచినవి ఇరవై.

వాన మొదలై ఆరు రోజులు.

తొట్టి తెరిచారు. మా బావ గవరయ్య తూర్పువీధికి నీటి కాపరి. మా అప్ప పెనిమిటి, ఎర్నమ్మ తండ్రి. అరవై మూడేళ్ళొచ్చినా తొట్టిలోకి నిచ్చెన వేసుకుని కుర్రాడిలా దిగుతాడు. వాన పడే ముందు వారం రోజులూ ఆ పలకలను చింతపండుతో తోమాడట, పెళ్ళి బిందెలు తోమినట్టు.

"గాజుని చింతపండుతో తోముతారేటి బావా? ఇత్తడనుకున్నావేటి?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"నీ వార్పు కదే! మెరవాల. ఊరంతా వంగి సూడాల."

పూర్వం ఈ బూడిదను సంచుల్లో కట్టి పాతిపెట్టేవారు, అన్నీ కాల్చి పారేసినోళ్ళ కాలంలో. సంచులు చిరిగి నేలంతా విషమైంది. మా ఊళ్ళో ఒక్క బావికీ మూత తియ్యరు. అందుకే తొట్టి తెరవడమంటే మాకు పండగ. నీటి కాపరి ప్రతి పొద్దూ మొదటి గ్లాసు తాగాలి. అతను తాగి ఒక పూట గడిచాకే మిగతావాళ్ళకు కుళాయి తిప్పుతారు.

బావ గ్లాసు ఎత్తాడు. గుటక దిగడం చూశాను. ఆపాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అందరితో పాటు నిలబడి ఉన్నాను.

"ఒలే రత్నం, ఎంత తియ్యగున్నాయే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తీపికి అర్థమేమిటో నాకు ఆ క్షణం తెలియలేదు. ఇంటికెళ్ళి, కొలిమి పని నేర్పిన పాత పుస్తకం తీసి చూశాను. సీసం కలిసిన నీళ్ళు ఒక్కోసారి తియ్యగా ఉంటాయని రాసి ఉంది.

ఒక్కోసారి. ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నాను.

వార్పు 614. వాన మొదలై నలభై రెండు రోజులు.

ఈసారి బూడిద లోపలి దిబ్బది. మీటరు బాగుచేసి పంపారు. పద్నాలుగు వందల ముప్ఫై. తీగ సాగింది, పెసలు మొలిచాయి, రాశాను. ఇదొక వార్పు అయితే అదీ ఒక వార్పేనా?

ఏడో గాజు బూజుపట్టింది. అంట్లు తోమితే తెల్లటి పొడి రాలుతోంది. మిగతావి నిగనిగలాడుతున్నాయి. దాని కింద చర్మం దురద పెడుతోంది. చీర చెంగుతో కప్పుకుని తిరుగుతున్నాను.

బావకు కడుపునొప్పట. నాలుగు రోజులుగా విరేచనం లేదు. "వొయసొచ్చీసింది, పేగులు మొండికేసినాయి" అని నవ్వుతాడు. తూర్పువీధి పిల్లల్లో ముగ్గురికి అదే నొప్పి. ఎర్నమ్మకు ఒకటే వాంతులు. కడుపుతో ఉన్నదానికి మామూలే కదా అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. నేనూ అన్నాను. అన్నదాన్ని నాలుక కోసుకోకుండా ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

నేను పడమటివీధి నీళ్ళే తాగుతున్నాను. అటు దగ్గరని అందరికీ చెబుతున్నాను.

వాన మొదలై డెబ్బై రోజులు.

ఈ రోజు కొలిమి ఆవరణలోనే సభ పెట్టారు. డాక్టరమ్మ బావను బల్ల మీద కూర్చోబెట్టి పెదవి పైకెత్తింది. చిగుళ్ళ అంచున నీలపు గీత, పెన్సిలుతో గీసినట్టు.

"ఇది సీసం. తూర్పువీధిలో మరో పదకొండు మందికి ఉంది. అందరూ తాగేది ఆ తొట్టి నీళ్ళే" అంది.

అందరూ నా వైపు తిరిగారు. నిందించడానికి కాదు. నన్ను అడిగి తెలుసుకుందామని. ఆ నమ్మకం చూస్తే నేల చీలితే బాగుండుననిపించింది. ఇప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

నాకంటే ముందు బావ చెయ్యెత్తాడు. మణికట్టు దగ్గర ఆ చెయ్యి వాలిపోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఎత్తాడు.

"తప్పు నాదే. పలకలు సింతపండుతో తోమీసినాను. వారం దినాలు. పులుపుకి గాజు కరిగీసినాది. రత్నం వద్దనే అన్నాది. నానే ఇన్నేదు."

గుసగుసలు లేచాయి. అప్పలకొండ లేచి నన్నే చూస్తూ అడిగాడు. "అప్పా, పులుసులో నానబెట్టి పరీక్ష సేసిన పలక కదా. దానికి సింతపండు రుద్దితే ఏటవుద్ది? అసలు పరీక్షే అది కాదేటి?"

వాడు నాకు దారి ఇచ్చాడు. తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. నడిచి వెళ్ళడమే మిగిలింది.

"వారం రోజులు రుద్దితే... కరుగుద్దేమో" అన్నాను.

చెంచా పట్టుకున్న రోజు భయంతో చేశాను. ఈ రోజు పదిమందిలో, పట్టపగలు, తెలిసి తెలిసి అన్నాను. బావ దగ్గర తొట్టి తాళం తీసేసుకున్నారు. తొట్టి మూసేశారు. ముప్ఫై రెండేళ్ళు కాపరిగా చేసినవాడు తాళం ఇచ్చేటప్పుడు కూడా దాన్ని పంచెతో తుడిచి ఇచ్చాడు.

వాన మొదలై డెబ్బై మూడు రోజులు.

సగ్గుబియ్యం జావ కాచి తీసుకుని బావ ఇంటికెళ్ళాను. కాయకపోతే ఊరుకోలేను, కాచినా ఊరుకోలేను. అలా ఉంది నా బతుకు.

అరుగు మీద కూర్చున్నాడు. గ్లాసు చేతికిస్తే పట్టుకోలేకపోయాడు. వేళ్ళు వేలాడిపోతున్నాయి. జావ పంచె మీద ఒలికింది. ఎర్నమ్మ వచ్చి తుడిచి, తనే తాగించింది. ఆరో నెల కడుపు దానిది. వంగడం కష్టంగా ఉంది.

జావ తాగుతూ బావ నా వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు. "రత్నం, నన్ను మన్నించీ. ఇన్నేళ్ళ నీ వార్పుల్లో మచ్చ నేదు. నా పిచ్చి తోముడికి నీ పేరు పోనాది."

జావ గిన్నె మూత తీశాను, మళ్ళీ పెట్టాను.

"రోజూ ఇదే పాట పిన్నీ" అంది ఎర్నమ్మ. "కూతురికి నా సేత్తో నానే విసం పోసేనని ఏడుస్తన్నాడు. నువ్వైనా సెప్పు. నీ మాటయితే ఇంటాడు."

నా మాటయితే వింటాడు. అవును. ఊరంతా వింది. అదే కదా వచ్చిన చిక్కు.

"బావా, పాకం రానేదు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మా ఊళ్ళో ఈ మాట ఎవరూ అనగా ఎవరూ వినలేదు. "ఏ వార్పే?"

"నీ తొట్టిది. ఉప్పు కరిగి తీగ సాగింది. కొండ సెప్పేడు, నానే ఇన్నేదు. పెసలు మొలవనేదు బావా. పక్క గిన్నెలోవి తీసి ఇందులో ఏసీసేను. నీ సింతపండు ఏటీ సెయ్యనేదు. నువ్వేటీ సెయ్యనేదు."

అతను కోప్పడతాడని చూశాను. కొడతాడని కూడా ఆశపడ్డాను. చేతులు వాలిపోయిన మనిషి ఎలా కొడతాడు? ఆ చేతులే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నాను మొదటి గ్లాసు తాగినప్పుడు అక్కడే ఉన్నావు కదే" అన్నాడు చివరికి.

"ఉన్నాను."

"నానింటికెళ్ళి ఎర్నమ్మని పిలిసి, బేగి రాయే, తియ్యగున్నాయని సెప్పేను. నీకు తెలుసా?"

తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇక జీవితాంతం తెలుస్తూనే ఉంటుంది.

ఎర్నమ్మ కడుపు మీద చెయ్యేసుకుని గోడకు జారగిలబడింది. దాని ముఖం నేను ఎన్నిసార్లు కడిగానో. ఆ ముఖం నా వైపు తిప్పలేదు. "పిన్నీ, ఎల్లిపో" అంది. గట్టిగా కూడా అనలేదు.

అక్కడి నుంచి నేరుగా సభ పెద్దల దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. ఏడో గాజు తీసి బల్ల మీద పెట్టాను. అది తీస్తుంటే మెలి దగ్గర పిండిలా రాలింది.

వాన మొదలై తొంభై రోజులు.

కొలిమి నుంచి తీసేస్తారనుకున్నాను. తీసేస్తే ప్రాణం హాయిగా ఉండేది. తీయలేదు. తూర్పువీధి వాళ్ళలో ఒకామె లేచి, "అది ఇంట్లో కూకుని ఏడిస్తే మా పిల్లలకి ఏటొస్తాది? అదే కరిగించాల. మా కళ్ళెదరే కరిగించాల" అంది. అందరూ సరే అన్నారు.

బావను అందరిలో నిలబెట్టి తాళం తిరిగి ఇచ్చారు. పట్టుకోలేడు కాబట్టి మెడలో వేశారు.

పలకలు నేనే ఊడగొట్టాను. రెండు వందల నలభై. గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని, సుత్తి, ఉలి పట్టుకుని పన్నెండు రోజుల పని. పదిహేను పలకలు ఊడేసరికి అప్పలకొండ ఇంకో ఉలి పట్టుకుని దిగాడు.

"సెప్పేనా అప్పా, అని అనవేట్రా?" అడిగాను.

"ఇప్పుడంటే ఏటొస్తాది" అన్నాడు. ఉలి దించి, "ఆ రోజు నాను ఇంకాస్త గట్టిగా అనాల్సింది. నీ నోటికి జడిసిపోనాను" అన్నాడు.

అదీ నా ఖాతాలోనే రాసుకున్నాను.

పుస్తకం ముందు పేజీల్లో కొట్టివేతలు నిషేధం. 611 కింద "పాకం వచ్చింది" అలాగే ఉంది. దాని పక్కన, అంచులో, ఖాళీ ఉన్నంత మేర రాశాను: "రాలేదు. మొలిచినవి మూడు. మిగతావి నేను మార్చాను."

వార్పు 620. వాన మొదలై నూట యాభై ఆరు రోజులు.

ఊడగొట్టిన పలకలన్నీ పొడి చేశాం. అప్పలకొండ చెప్పినట్టు ముందు ఆ పొడిని నీళ్ళలో మూడుసార్లు కడిగాం. ఆ నీళ్ళు ఎండగట్టి, మిగిలిన ఉప్పును ఇనప డబ్బాల్లో వేసి మూత అతికించాం. ఆ తర్వాతే కొలిమిలోకి. మీటరు పద్నాలుగు వందల అరవై చూపించింది. ఒక పూట కాదు, రెండు పూటలు మరగనిచ్చాం.

తీగ లాగాను. బాగా సాగింది. ఇంత అందమైన తీగ ఈ మధ్య చూడలేదు. ఆవరణలో జనమంతా నా నోటి వంకే చూస్తున్నారు, అలవాటు చొప్పున.

కేక లేకుండా, చేత్తో సైగ చేసి పలకలు పోయించాను. గాజు చుట్టాను. చేతికి వేసుకోకుండా పులుసులో వేశాను. ఇప్పుడు గిన్నెలు నా గదిలో ఉండవు. వీధి మొగలో అరుగు మీద పెడతారు. ఎవరైనా వంగి చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు.

నెల కిందట, నెలలు నిండకుండానే, ఎర్నమ్మకు పిల్ల పుట్టింది. రెండు కిలోలు. ఏడ్చింది, పాలు తాగింది. డాక్టరమ్మ బాగుందని చెప్పలేదు, బాగాలేదనీ చెప్పలేదు. సీసం సంగతి వెంటనే తెలియదు, నడక, మాట, చదువు, అన్నీ చూస్తూ ఉండాలి అంది. ఎన్నేళ్ళు అని అడిగాను. తెలీదు అంది. నేను పిల్లను చూడలేదు. ఎర్నమ్మ రమ్మనలేదు, నేను అడగలేదు.

వార్పు 620. వాన మొదలై నూట అరవై రోజులు.

పొద్దున్నే అరుగు దగ్గరికి వెళ్ళేసరికి బావ అక్కడ ఉన్నాడు. మెడలో తాళం. ఎనభై ఏడు రోజుల్లో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని గిన్నెలోకి వంగి ఉన్నాడు.

నేనూ వంగాను. ఇరవైకి ఇరవై. తెల్లగా, నిటారుగా. రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి మొదలుపెట్టాను.

"ఎన్నిసార్లు లెక్కెడతావే? పొద్దుట్నించి నాను నాలుగుసార్లు లెక్కెట్టేను" అన్నాడు. గొంతులో మెత్తదనం లేదు. "పలకలు అతకాల. రెండో వానకి పదారు రోజులే ఉన్నాది. జనం నిలబడ్డారు. సెప్పు."

వెనక్కి చూస్తే నిజంగానే నిలబడి ఉన్నారు. అప్పలకొండ పోసిన పలకల దగ్గర. తూర్పువీధి ఆడవాళ్ళు బిందెలతో. వాళ్ళ వెనక, కాస్త దూరంగా, గుడ్డలో చుట్టిన పిల్లతో ఎర్నమ్మ.

నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. ఇరవై ఆరేళ్ళు ఆవరణ దద్దరిల్లేలా అరిచిన మాట.

"నువ్వు సెప్పు బావా" అన్నాను. "అందరూ సూసేరు కదా. నానెందుకు?"

అతను వాలిన చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని నన్ను సూటిగా చూశాడు.

"నాను తాగీవోణ్ని. సెప్పీదానివి నువ్వు."

గిన్నెలోంచి గాజు తీశాను. కడిగి చేతికి వేసుకున్నాను. కేక వెయ్యలేదు. మామూలు గొంతుతో, దగ్గరున్నవాళ్ళకు వినపడేంత మాత్రం, "పాకం వచ్చింది" అన్నాను. మొదటి గ్లాసు నాదని, రెండో వాన వెళ్ళేదాకా ప్రతి పొద్దూ నాదేనని, నేను తాగిన నలభై రోజులకు గానీ పిల్లల తల్లులు ఆ నీళ్ళు ముట్టుకోవద్దని కూడా అన్నాను.

బావ లేచి నిలబడ్డాడు. "గ్లాసు నువ్వే పట్టుకోవాల మరి" అన్నాడు. "ఇద్దరికీ."